కొండమీద ఎవరు చూస్తారు

ఆయన పోయేరని పేపర్లో చూసేను. లోపలి పేజీలో కింద మూలకి, రెండు వేళ్ళు అడ్డం పెడితే కనబడనంత జాగాలో వేసేరు. నెత్తిన టోపీ, మెడకి మఫ్లరు, గుండెల మీద కెమెరా. ఫొటో కింద "ప్రకృతి ప్రేమికులు" అని ఉంది. నేను కూడబలుక్కుని చదివే మనిషిని, ఆ రెండు మాటలూ దాటడానికి కొంచెం సేపు పట్టింది. దాటేక నవ్వొచ్చింది. చావు కబురు చదివి నవ్వకూడదని తెలుసు. తెలిసే నవ్వేను.

పేరు రాయను. కొత్తపేట వైపు వాళ్ళకి రాయకపోయినా తెలుస్తుంది, మిగతావాళ్ళకి తెలిసి చేసేదేం లేదు. ఆయనకి కొబ్బరితోటలుండేవి. ఒక తోట మూల మా పాక. మా ఆయన ఆ చెట్లెక్కి కాయలు కోసి దింపు తీసేవాడు. నేను వాళ్ళ వాకిలి ఊడ్చి, కొట్టంలో పేడ తీసి, పెరట్లో అంట్లు తోమేదాన్ని. తోమిన గిన్నెల మీద అమ్మగారు నీళ్ళు చిలకరించి లోపలికి పట్టుకెళ్ళేవారు. మా పేట వాళ్ళం వంటింటి గడప దాటకూడదు. దాటాలని మేమూ అనుకోలేదు, అది వేరే సంగతి.

ఊళ్ళో ఉండగా ఆయనకి పిట్ట కనబడితే ఒళ్ళు మండేది. చేపల చెరువు మీద లకుముకి పిట్ట వాలితే టపాకాయ కాల్పించేవారు. పెరటి వెనక చింతచెట్టు మీద ఏటా వానాకాలం నత్తగొట్టు కొంగలు వచ్చి గూళ్ళు పెట్టేవి. పిల్లల్ని లేపుకుని వెళ్ళిపోయేవి. తన చిన్నప్పట్నించీ వస్తున్నాయని మా అత్త చెప్పేది. ఒక ఏడు, వానల మధ్య ఎండ కాసిందని పెరట్లో కొబ్బరి చిప్పలు ఆరబోస్తే, వాటిమీద రెట్టలు పడ్డాయి. ఆయన గొడ్డళ్ళ వాళ్ళని పిలిపించేరు.

"ఇంకో నెల ఆగితే పిల్లలెగిరిపోతాయండి బాబూ," అన్నాడు ఒకడు.

"ఎగిరిపోయేదాకా ఆగడానికి చెట్టు వాటికి కౌలుకిచ్చేనా? కొట్టండ్రా," అన్నారు ఆయన, మెట్లమీద నిలబడి కాఫీ తాగుతూ.

చెట్టు పడితే గూళ్ళూ పిల్లలూ కలిసి పడ్డాయి. మా పేట వాళ్ళం బుట్టలు తెచ్చి ఏరుకున్నాం, కూర వండుకున్నాం. నేనూ తిన్నాను. కొంచెం నీచు వాసనొచ్చింది. మేము తిన్నామని ఒప్పుకోడానికి నాకేం సిగ్గులేదు, మమ్మల్నెవరూ ప్రకృతి ప్రేమికులని పేపర్లో వెయ్యబోరు.

అదే మనిషి డిసెంబరు వస్తే ఇంకో మనిషైపోయేవారు. కోతలై ధాన్యం ఇంటికొచ్చేక భార్యాభర్తలిద్దరూ పదిహేను రోజులు అరకు వెళ్ళేవారు. ఆయనకి బొంబాయి బావమరిది తెచ్చిచ్చిన కెమెరా ఉంది. దానికి మూరెడు గొట్టం ఒకటి, మూడు కాళ్ళ స్టాండు ఒకటి. గొట్టం ఆయన మోసేవారు. స్టాండూ, మడతకుర్చీ, గొడుగూ, ఫ్లాస్కూ, టిఫిను కేరేజీ మోయడానికి నన్ను తీసుకెళ్ళేరు. డెబ్బయ్యో పడి మధ్యలో వరసగా నాలుగేళ్ళు వెళ్ళేను. నాలుగేళ్ళూ మా చర్చిలో క్రిస్మస్ నేను లేకుండానే అయింది.

"ఏసుప్రభువు కొండమీద కూడా పుడతాడే," అనేవారు ఆయన. అది ఆయన జోకు. ప్రతి ఏడూ వేసేవారు, ప్రతి ఏడూ నేను నవ్వాలి.

మొదటి ఏడు వంటమనిషి కూడా బయల్దేరింది. రావులపాలెం సెంటర్లో అరటి గెలల లారీల పొగా, బస్సుల హారన్లూ చూసి కడుపులో తిప్పుతోందని అక్కణ్ణించే వెనక్కి వెళ్ళిపోయింది. మేము ముగ్గురం రాజమండ్రి వెళ్ళి రైలెక్కి, వైజాగులో రైలు మారి, సొరంగాలన్నీ దాటి కొండమీదికి చేరేం. దిగిన బంగళా వంటగది గుమ్మంలో నిలబడి అమ్మగారు పొయ్యికేసి చూసేరు. నాకేసి చూసేరు.

"ఏవండీ, దీనిచేత వండించుకోడమేనా?"

ఆయన గొట్టం తుడుచుకుంటున్నారు. తలెత్తలేదు. "వండించు. కొండమీద ఎవరు చూస్తారు?"

అలా నేను గడప దాటేను. పదిహేను రోజులూ నా చేతి పులుసు ఇద్దరూ వేళ్ళు నాక్కుంటూ తిన్నారు. "ఈ చెయ్యి మన ఇంట్లో ఉంటేనా!" అని ఆయన అమ్మగారితో అనడం నేను విన్నాను కూడా. తిరుగు ప్రయాణంలో రావులపాలెంలో బస్సు దిగేక దాహమేసి మంచినీళ్ళడిగితే, అమ్మగారు మళ్ళీ ఎత్తునించి నా దోసిట్లో పోసేరు. ఆవిడకి నామీద కోపమేం లేదు. కొండ దిగేం, అంతే.

కొండమీద ఆయన గుసగుసగా తప్ప మాట్లాడేవారు కాదు. ఊళ్ళో కాలవ అవతల పాలేరు ఇవతలి అరుపుకి పరిగెత్తుకొచ్చే గొంతు అది. అక్కడ ఆ గొంతు నొక్కిపెట్టి, చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుని, వంగి వంగి నడిచేవారు. పిట్ట ఉన్నా అంతే, లేకపోయినా అంతే. కాఫీ కావాలన్నా గుసగుసే. "ఓపికే, ఓపిక! ప్రకృతి ముందు మనిషికి ఓపిక కావాలి," అని రోజుకి పదిసార్లు చెవిలో ఊదేవారు.

ఆ ఓపిక ఎలా ఉండేదో చెప్తాను. ఆయన మడతకుర్చీలో కూర్చునేవారు. నేను గొడుగు పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. పొద్దున్నే మంచు కురుస్తుంది కదా, ఆ గొడుగు గొట్టం మీద ఉండాలి. ఆయనకి మఫ్లరుంది. నాకు పైట చెంగుంది. తిమ్మిరెక్కి కాలు మార్చి నిలబడితే, "ష్! ఎగిరిపోయింది. నీవల్లే!" అనేవారు. అసలు ఆ కొమ్మమీద పిట్ట వాలితే కదా ఎగరడానికి. ఒకసారి అరపూట అలా కూర్చున్నాక ఆయన గురక మొదలెట్టేరు. అప్పుడు నిజంగానే ఓ పిట్ట వచ్చి స్టాండు మీద వాలి, తోక ఆడించి, తీరిగ్గా వెళ్ళింది. నేను లేపలేదు.

రెండో ఏడు చిరుతపులిని తీస్తానని బయల్దేరేరు. క్లబ్బులో ఎవరితోనో మాటామాటా వచ్చిందట. బంగళా వాచరు కొండ మనిషే, మన భాషా వాళ్ళ భాషా రెండూ వచ్చు. నెమ్మదైన మనిషి. అతను, "ఈ పక్క చిరుత లేదు బాబూ. నాలుగు కుక్కలున్నాయి," అన్నాడు. పదమూడు రోజులు వెతికి పద్నాలుగో రోజున ఆయన బంగళా వెనక కుళాయి దగ్గర బురదలో గొంతుక్కూర్చున్నారు. పిడికిలి నొక్కి, దానిపైన నాలుగు వేళ్ళ కొసలతో నాలుగు గుంటలు అద్దేరు.

అమ్మగారు వెనక నిలబడి చూసి, "కాస్త పెద్దది చెయ్యండీ. మరీ పిల్లిలా ఉంది," అన్నారు.

చెరిపి మళ్ళీ చేసేరు. దానికి నాలుగు వైపులనించీ ఫొటోలు తీసేరు. నేను నీళ్ళు పోస్తే చేతులు కడుక్కుని, "ఇక్కడిదాకా వచ్చి వెళ్ళిందే, రాత్రి," అన్నారు నాతో, గుసగుసగా. నేను "ఆయ్" అన్నాను. మరేమనాలి? ఆ పులి అడుగు చూసి క్లబ్బువాళ్ళు ఆయనకి దండేసేరట.

మూడో ఏడు వంగపండు పిట్ట కావాలన్నారు. పసుపుపచ్చ ఒళ్ళు, నల్ల తల, ఎర్ర ముక్కు. కనబడడం కనబడేది కానీ ఒక్క చోట నిలిచేది కాదు. చివరికి సంతలో ఎవరో పట్టి తెచ్చినదాన్ని తెప్పించేరు.

"నీ వేళ్ళు సన్నవి. కాలికి దారం కట్టి కొమ్మకి ముడెయ్యి. నల్లదారం. ముడి ఆకు చాటున రావాలి," అన్నారు.

కట్టేను. నేనే కట్టేను, అది దాచుకోను. అది ఎగరబోయి, జారి తలకిందులుగా వేలాడేది. నేను వెళ్ళి సర్ది కూర్చోబెట్టేదాన్ని. ఆయన మళ్ళీ టిక్కుమనిపించేవారు. పొద్దుటినించి పొద్దువాలేదాకా అదే పని. మధ్యలో ఆయన భోజనం చేసి, ఓ కునుకు తీసి వచ్చేరు. పిట్ట అక్కడే ఉంది. వెలుతురు పోయేక ఆయన గొట్టానికి మూత పెట్టుకుని, "వదిలెయ్యి," అని కాఫీకి వెళ్ళిపోయేరు. ముడి బిగిసిపోయింది, గోటికి అందలేదు. పంటితో దారం కొరికేను. జానెడు దారం కాలికి వేలాడుతుండగానే ఎగిరిపోయింది. ఆ దారం ఏ ముళ్ళకొమ్మకి చిక్కుకుంటుందోనని ఆ రాత్రంతా నాకు అదే ధ్యాస. పొద్దున్న ఆయనతో అంటే, "పిట్టలకి తెలివుంటుందే," అన్నారు.

ఒక్కటి ఒప్పుకోవాలి. ఒకరోజు తెల్లవారి లోయ నిండా మంచు పేరుకుని, కొండ కొసలు మాత్రం పైకి తేలి ఉన్నప్పుడు ఆయన తీసిన ఫొటో ఒకటుంది. అది చూస్తే ఇప్పటికీ ఆ చలి నా చేతులకి తెలుస్తుంది. బాగా తీసేరు. ఆ మంచుని ఆయన కట్టలేదు, అద్దలేదు, అందుకని బాగా వచ్చిందేమో.

ఇంక నాలుగో ఏడు.

ఆ ఏడు ఆయనకి కొండ ఆడవాళ్ళ ఫొటో కావాలి. సంత నించి బుట్టలు నెత్తిన పెట్టుకుని వస్తున్నవాళ్ళకి ఎదురుగా, బంగళా ముందే, స్టాండు పాతించేరు. వాళ్ళు ఆగేరు. గొట్టం తమకేసి తిరగడం చూసి మొహాలు తిప్పుకున్నారు. ఒక ముసలావిడ మాత్రం వాచరుని ఏదో అడిగింది.

"ఏమంటోంది?" అన్నారు ఆయన.

"మా మొహాలు పట్టుకెళ్ళి ఏం చేసుకుంటాడు అంటోంది బాబూ."

ఆవిడ ఇంకో మాటేదో అంది, అందరూ పగలబడి నవ్వేరు. అది ఏమిటో వాచరు చెప్పలేదు. నవ్వుకుంటూనే అడ్డదారిన కిందికి దిగిపోయేరు. అలా అడగొచ్చని నాకు అప్పటిదాకా తెలీదు.

ఆయన మొహం మాడిపోయింది. కాసేపు స్టాండు చుట్టూ తిరిగేరు. తిరిగి తిరిగి నా దగ్గర ఆగేరు. నన్ను కాలినించి తలదాకా చూసేరు.

"నువ్వు నిలబడు. బంగళాలోంచి ఓ బుట్ట తెచ్చి నెత్తిన పెట్టుకో. చీర మోకాళ్ళ పైకి కట్టి ముడి భుజం మీద వెయ్యి, వాళ్ళలాగ." ఇంకా చూసి, "ఆ రవిక తీసెయ్యాలి. వాళ్ళు వేసుకోరు," అన్నారు.

ఇక్కడ మా అమ్మమ్మ సంగతి చెప్పాలి. అమ్మమ్మకి పెళ్ళీడు వచ్చేదాకా రవిక లేదు. ఊడ్పులకెళ్ళే మా ఆడవాళ్ళు రవిక తొడిగితే పొలం గలవాళ్ళు ఊరుకునేవారు కాదట. మిషను దొరసాని కుట్టు నేర్పింది. అమ్మమ్మ తన మొదటి రవిక తనే కుట్టుకుని, పైట నిండా కప్పుకుని ఊరి వీధి దాటి, చర్చిలోకి వెళ్ళేక పైట సర్దుకుందట. ఆ ఒక్క కథా మాకు వంద సార్లు చెప్పింది. మా ఇంట్లో అన్నం లేని రోజులున్నాయి. రవిక లేకుండా గుమ్మం దాటిన ఆడది లేదు.

నేను కదల్లేదు. అమ్మగారికేసి చూసేను, ఆవిడా ఆడదే కదా అని. ఆవిడ ఎండలో కుర్చీ వేసుకుని ఉన్ని అల్లుకుంటున్నారు.

"కానియ్యవే. చలిగాలి కొడుతోంది, తొందరగా లోపలికి పోదాం," అన్నారు. నేనింకా నిలబడే ఉన్నానని, "కొండమీద ఎవరు చూస్తారు?" అన్నారు.

బంగళా గోడ చాటుకి వెళ్ళి తీసేను. ఎందుకు తీసేవని ఎవరైనా అడిగితే, మా పాక ఆయన తోటలో ఉంది కాబట్టి అంటాను. అంతకంటే పెద్ద కారణం లేదు. తిరిగొచ్చేసరికి వాచరు మాకు వీపు తిప్పి, లోయకేసి మొహం పెట్టి నిలబడ్డాడు. అయ్యేదాకా వెనక్కి తిరగలేదు. అలా వీపు తిప్పమని అతనికెవరూ చెప్పలేదు.

"తల దించకు. బెదిరినట్టు చూడు," అన్నారు ఆయన గొట్టం వెనకనించి. "అలా కాదే. కెమెరా ఎప్పుడూ చూడనిదానిలా చూడు."

నాలుగేళ్ళుగా దాని స్టాండు మోస్తున్నదాన్ని. అయినా చూసేను, ఆయన చెప్పినట్టే.

ఊరొచ్చేక నాకు నిద్రపట్టలేదు. నెల ఆగి, పెరట్లో ఎవరూ లేనప్పుడు, "బాబుగారండీ, ఆ ఫొటో..." అన్నాను.

"ఏ ఫొటో? ఓ, అదా. ఆ రీలుకి వెలుతురు తగిలి మొత్తం పోయిందే. ఏం రాలేదు," అన్నారు.

ఆ వెలుతురుకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. అయిదో ఏడు జ్వరమని చెప్పి వెళ్ళలేదు. అమ్మగారు వేరే మనిషిని చూసుకున్నారు.

ఎనభైల్లో మా పేటకి పెద్దల బడి వచ్చింది. సాయంత్రం పూట చర్చి అరుగు మీద పెట్టేవారు. చెప్పేది మా పేట పిల్లే, చదువుకుని అమలాపురంలో టీచరయింది. వయసులో నా చెల్లెలి కూతురంత ఉంటుంది. నన్ను "సువార్తమ్మగారూ" అని పిలిచిన మొదటి మనిషి ఆవిడ. మొదటిసారి అలా పిలిస్తే నా వెనక ఎవరున్నారా అని చూసేను. రెండేళ్ళు పట్టింది నాకు, ఒత్తులు పట్టుబడ్డానికి.

ఒకరోజు ఆవిడ, "అమలాపురంలో కాలేజీ హాల్లో ఫొటోలు పెట్టేరు. ప్రతి ఫొటో కిందా పెద్ద అక్షరాలతో కార్డుంటుంది. పుస్తకంలో పాఠం మీకు కంఠతా వచ్చేసింది, బయట అక్షరాలు చదవాలి," అని మా ఎనిమిదిమందినీ బస్సెక్కించేరు. ఎవరి ఫొటోలండీ అంటే ఆయన పేరు చెప్పేరు. పోనీలే, ఆ మంచు లోయ చూడొచ్చనుకున్నాను.

హాల్లో ఆయన సఫారీ సూటు వేసుకుని, పై ఊరినించి వచ్చిన ఒక ఆఫీసరుగారికి అన్నీ చూపిస్తున్నారు. మమ్మల్ని చూసి, "మా తోటలో మనుషులేనండి. ఈ వయసులో చదువుకుంటున్నారు," అన్నారు, మాకు పలక ఆయనే కొనిచ్చినట్టు. మేము గోడ వెంట నడుచుకుంటూ, ఒక్కొక్కరం ఒక్కొక్క కార్డు పైకి చదువుతున్నాం. మా తోటికోడలు పసుపు పిట్ట దగ్గర ఆగింది. "ఎ-ని-మి-ది గంటలు కదలకుండా కూర్చుని తీసిన చిత్రం," అని చదివింది. నిజమే. ఎవరు కదల్లేదో మాత్రం రాయలేదు.

"ఆ చివరిది మీరు చదవండి సువార్తమ్మగారూ," అన్నారు టీచరమ్మగారు.

కిటికీ తలుపంత ఉంది. దూరంనించి చూస్తేనే తెలిసిపోయింది. కాళ్ళు అక్కడే ఆగిపోయేయి, కానీ వెనక నించి మావాళ్ళు వస్తున్నారు. దగ్గరికి వెళ్ళేను. ఫొటో చూడకుండా కార్డు చూసేను. అందరి కళ్ళూ నా నోటికేసి చూస్తున్నాయి, నేను తప్పు చదివితే నవ్వుదామని.

"మన్యం మగువ. కెమెరాని ఎన్నడూ చూడని అమాయకత్వం."

ఒక్క ఒత్తు కూడా తప్పకుండా చదివేను. ఎవరూ మెచ్చుకోలేదు. మా తోటికోడలు ఫొటోకేసీ నాకేసీ చూసి, "ఓసి నాయనో, ఇది మన సువార్త కదే!" అనేసింది. దాని గొంతు చిన్నది కాదు.

ఆఫీసరుగారు తిరిగేరు. దగ్గరికొచ్చి, "భలే పోలికండీ," అని నవ్వేరు.

ఆయన కూడా వచ్చేరు. ఒక్క క్షణం తడబడ్డారు, అంతే. "కష్టం చేసుకునే ఆడాళ్ళందరూ ఒక్కలాగే ఉంటారండి," అన్నారు. నాకేసి వంగి, ఆ కొండమీది గుసగుసతో, మెత్తగా, "ఏమే, ఇది నువ్వేనా? చెప్పు ఆఫీసరుగారికి," అన్నారు.

ఆయన ఎందుకంత ధైర్యంగా అడిగేరో నాకు అర్థమైంది. నేనేనంటే, రవిక లేకుండా నిలబడ్డది నేనేనని నా నోటితో నేనే చెప్పుకోవాలి. మా పేట ఆడవాళ్ళ ముందు, టీచరమ్మగారి ముందు. ఆదివారం చర్చిలో వాళ్ళ పక్కనే కూర్చోవాలి. పాక సంగతి సరేసరి. కాదంటే అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. ఏ ఆడది ఔనంటుంది? ఇన్నేళ్ళూ పిట్టకి ఏ ముడి వెయ్యాలో చూసిన మనిషి.

"నేనేనండి," అన్నాను.

ఆయన నవ్వు అలాగే ఉండిపోయింది మొహంమీద, తీసుకోడం మర్చిపోయినట్టు.

"కొండ మనిషిని కాదండి, వీళ్ళ తోటలో మనిషినండి. నాలుగేళ్ళు ఈ కెమెరా స్టాండు మోసేనండి. రవిక విప్పించింది బాబుగారేనండి. అమ్మగారు పక్కనే ఉన్నారండి. కార్డుమీద ఇంకా జాగా ఉందండి, అది కూడా రాయించండి."

అండీ అండీ అని ఎన్నిసార్లన్నానో. చిన్నప్పట్నించీ నేర్పిన మర్యాద, ఎక్కడికి పోతుంది.

ఆఫీసరుగారు గడియారం చూసుకున్నారు. "ఆ లోయ ఫొటో చూపిస్తానన్నారు," అని పక్కకి నడిచేరు. ఆయనా వెనకే వెళ్ళేరు. "మతి స్థిమితం లేదండి, పాపం," అనడం వినబడింది. మా వాళ్ళు ఏమంటారోనని నేను నేలచూపులు చూస్తున్నాను. మాలో అందరికంటే పెద్దావిడ, మా పెద్దమ్మ వరస, భుజం మీది తువ్వాలు తీసి దులిపి, మునివేళ్ళ మీద లేచి ఆ ఫ్రేముకి కప్పింది. కొసలు రెండూ మేకు వెనక దోపింది. మేము బయటికొచ్చేదాకా ఎవరూ దాన్ని తియ్యలేదు.

ఇంటికొచ్చి మా ఆయనకి అంతా చెప్పేను. కొండమీదిది కూడా, మొదటిసారి. వింటున్నంతసేపూ దింపు కత్తి నూరుకుంటూనే ఉన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. పొద్దున్నే లేచి, పాక మీదికెక్కి తాటాకు విప్పడం మొదలెట్టేడు.

సగం విప్పేసరికి అమ్మగారు వచ్చేరు. పదిహేనేళ్ళలో ఆవిడ మా పాకదాకా రావడం అదే మొదటిసారి.

"ఇదేమిటే, పాక విప్పేస్తున్నారు? ఎవరు పొమ్మన్నారు మిమ్మల్ని?"

"ఎవరూ అనలేదండి. అనేలోపల పోదామనండి."

"ఆయన రాత్రి అన్నం ముట్టలేదు తెలుసా?"

"అయ్యో. మాకూ అప్పుడప్పుడూ అలాగే ఉంటుందండి, అలవాటైపోతుంది," అన్నాడు మా ఆయన పైనించి.

అమ్మగారు అతన్ని చూడనట్టే, "టీచరమ్మ దగ్గరికెళ్ళి, పొరపాటు పడ్డాను, అది నేను కాదని చెప్పు. ఎవరూ మిమ్మల్ని కదపరు," అన్నారు. చంకలోనించి కాగితం పొట్లం తీసి నా చేతికిచ్చేరు. "ఇది ఉంచు."

విప్పితే రవికల గుడ్డ. చిలకపచ్చ, ఎర్ర అంచు. ఆ ఇంట్లో పేరంటానికొచ్చిన ముత్తైదువులందరికీ బొట్టు పెట్టి అలాంటి గుడ్డ ఇస్తారు. వాకిట్లో నిలబడి ఎన్నోసార్లు చూసేను, ఎవరికి ఏ రంగు వచ్చిందో అని. మాలాంటి వాళ్ళకి ఇవ్వరు. ఆరోజు నా చేతికే ఇచ్చేరు, పైనించి పడెయ్యలేదు. వేళ్ళు తగిలేయి. ఊళ్ళో, పగటిపూట, తోటలో దింపు వాళ్ళందరూ చూస్తుండగా. ఆవిడ కళ్ళల్లో కాస్త జాలి కూడా ఉంది. లేదని అబద్ధమాడను.

"మీరు చెప్పమన్నది చెప్పలేనండి," అన్నాను. "గుడ్డ మాత్రం ఉంచుకుంటానండి."

ఆవిడ చీర కుచ్చెళ్ళకి బురదంటకుండా పట్టుకుని వెళ్ళిపోయేరు.

మధ్యాహ్నానికల్లా తాటాకూ వాసాలూ మోసుకుని కాలవగట్టుకి చేరేం. ఇప్పటికీ అక్కడే ఉన్నాం. గుడ్డ నేను కుట్టించుకోలేదు. సాయంత్రం పట్టుకెళ్ళి, నల్లబల్ల తుడుచుకోడానికి టీచరమ్మగారికిచ్చేను. మంచి నూలు గుడ్డ. సుద్ద బాగా పట్టేది.